లేదు అని రాసిన చెయ్యి

బైండింగ్ షాపు, మడత బల్లల గది
జూన్ 6

మా అక్క మాత్ర సంగతి దాచిపెట్టిందని అచ్చేయించారు. ఆరుగురు డాక్టర్ల పేర్ల తర్వాత, అట్టడుగున, సమాచార సేకరణ అని నీ పేరు కూడా వేయించుకున్నావు మామయ్యా.

నాకెలా తెలిసిందా అని తల గోక్కోకు. మీ ఆసుపత్రి లైబ్రరీ ఆరు నెలలకోసారి జర్నళ్లన్నీ అట్టపెట్టెల్లో పోసి మా షాపుకే పంపుతుంది, కలిపి కుట్టి గట్టి అట్ట వెయ్యమని. పేజీలు వరసలో ఉన్నాయో లేదో చూడ్డం నా పని. దానికి మూలనున్న అంకె చూస్తే చాలు, చదవక్కర్లేదు. నాకు చదివే జబ్బుందని నీకు తెలుసు. డాక్టర్ల భాష నాకు బడిలో ఎవరూ నేర్పలేదు. ఈ బల్ల దగ్గరే, పక్కన నిఘంటువు పెట్టుకుని, ఏడేళ్లుగా నేర్చుకున్నాను.

"మెడలోకి ఇంజెక్షన్ తరువాత తలెత్తిన అరుదైన ఉపద్రవం: ఒక రోగి వృత్తాంతం." అంతవరకూ చేతులు మామూలుగానే ఆడుతున్నాయి. కింద "ముప్పై నాలుగేళ్ల స్త్రీ, బైండింగ్ కార్మికురాలు, ఎడమచేతి వాటం" అని ఉంది. ఎడమచేత్తో సూది పట్టుకుని కుట్టే బైండింగ్ మనిషి ఈ ఊళ్లో ఇంకొకతె ఉందేమో నువ్వే చెప్పు.

రెండో పేజీలో ఈ వాక్యం ఉంది. "రక్తం పలచబరిచే మాత్ర వాడుతున్న విషయాన్ని రోగి అధ్యయన బృందానికి వెల్లడించలేదు. శస్త్రచికిత్సకు ముందు ఒక బంధువు ద్వారా ఆ సంగతి తెలిసింది."

ఆ ఒక బంధువుని నేను. ఇంకో బంధువుకి ముందు నుంచే తెలుసు. ఆయన సంగతి మీ వృత్తాంతంలో లేదు.

అరుదు అన్న మాట నాలుగు పేజీల్లో పద్నాలుగు సార్లు ఉంది. మీకు అరుదు. అక్కకి పొద్దున లేస్తే అదే, మధ్యాహ్నం అదే, మంచం మీద ఇటు తిప్పితే అదే, అటు తిప్పితే అదే.

ఆ వాక్యం ఎవరు రాశారు? రాస్తుంటే నువ్వెక్కడున్నావు?

నీ మేనకోడలు

—

పరిశోధన విభాగం, మూడో అంతస్తు
జూన్ 15

పిచ్చుకా, నీకు మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఎంత కోపంలో రాసినా నీ అక్షరాలు మాత్రం అచ్చుగుద్దినట్టు ఉంటాయే! డిగ్రీలు చేసి మా ఆఫీసులో కూర్చున్నవాళ్లు నీ ముందు దిగదుడుపే. ఎప్పుడూ అనేవాణ్ని కదా, సరిగ్గా చదివించి ఉంటే నువ్వు ఎక్కడో ఉండేదానివని.

ముందు ఒక సంగతి అర్థం చేసుకో. ఇలాంటి వృత్తాంతం రాసేది ఎవరినో వేలెత్తి చూపడానికి కాదు. రేపు ఇంకో ఊళ్లో ఇంకో డాక్టరు అలాంటి మెడలోకి సూది దించే ముందు ఒక్క క్షణం ఆగి అడగాలని. మీ అక్క వల్ల ఎందరో క్షేమంగా ఇంటికి వెళ్తారు. ఆ మాట ఆమెకి చెప్పు, ధైర్యంగా ఉంటుంది. పేరు ఎక్కడా వెయ్యలేదు, ముఖం వెయ్యలేదు. స్కాన్ బొమ్మ వేశారు, అంతే. మెడ లోపల గడ్డకట్టిన రక్తం ఎవరిదైతే ఏమిటి, అన్నీ ఒకేలా ఉంటాయి.

"వెల్లడించలేదు" అంటే దాచిపెట్టిందని కాదమ్మా. శాస్త్రంలో అలాగే రాస్తారు. అందులో తిట్టు లేదు, పొగడ్త లేదు. నువ్వు చదివే కథల పుస్తకాలకీ దీనికీ తేడా ఉంది.

నేనెక్కడున్నానంటావా? ఆ రోజు రెండో అంతస్తులో మీటింగు. నాకు తెలిసేసరికి సాయంత్రం అయిదు దాటింది. తెలిసిన మరుక్షణం పరుగెత్తుకొచ్చాను. అప్పటికి నువ్వు కూడా దారిలో ఉన్నావు. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముద్ద దిగదు. మీ అమ్మ పోయాక మిమ్మల్నిద్దర్నీ ఆ షాపులో పెట్టించింది నేను. అక్కని ఎత్తుకుని తిరిగింది నేను. నాకు మాత్రం ఉండదా?

ఆరోగ్యం చూసుకో. మెడ వంచి గంటల తరబడి చదవకు. నీకూ అదే నొప్పి వస్తుంది.

ప్రేమతో,
మామయ్య

—

పునరావాస వార్డు, కిటికీ పక్క మంచం
జూలై 11

నీ ఆశీస్సులు నీ దగ్గరే పెట్టుకో. ముందు ముందు అవసరం పడతాయి.

అయిదింటికి తెలిసిందా నీకు? మరి పన్నెండున్నరకి షాపు ఫోనుకి చేసిందెవరు, నీ దయ్యమా? "కంగారేం లేదు పిచ్చుకా, అక్కకి కొంచెం తిమ్మిరెక్కింది, మందు దిగాక పోతుంది, షిఫ్టయ్యాక తీరిగ్గా రా" అన్న గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తోంది. ఫోను ఎత్తింది మా మేస్త్రీ. ఆలస్యం చెయ్యలేదు, వెంటనే నా చేతికిచ్చాడు. కావాలంటే ఆయన్నడుగు.

నేను తీరిగ్గా వచ్చాను మామయ్యా. నువ్వు చెప్పావు కదా అని మిగిలిన మడతలు పూర్తి చేసి, చేతులకంటిన జిగురు కడుక్కుని, ఆరింటికి వచ్చాను. అక్క మూడో నంబరు గదిలో వెల్లకిలా పడి ఉంది. "నా చేతులెక్కడున్నాయే, కనబడుతున్నాయా?" అని అడిగింది. దుప్పటి మీదే ఉన్నాయి రెండూ. డ్యూటీ డాక్టరు కుర్రాడు మందు ప్రభావమేనని సముదాయించబోయాడు. మాత్ర పేరు చెప్పాను. పరుగు పెట్టాడు. ఇరవై నిమిషాల్లో స్కాను, ఏడింటికి ఆపరేషను.

ఇంజెక్షను పొద్దున పదకొండింటికి. మెడ ఎముకల మధ్య రక్తం కారి, గడ్డకట్టి, వెన్నుపాముని నొక్కుతూ కూర్చుంది. ఇలాంటి వాటిలో గంటలే ప్రాణమని మీ జర్నల్లోనే ఉంది, మూడో పేజీలో. ఆ మాట రాసిన డాక్టర్లకి ఆ రోజు ఆరింటి దాకా మాత్ర సంగతి తెలియదు. నీకు తెలుసు. కాల్లో రక్తం గడ్డకట్టినప్పటి నుంచీ అక్క అయిదేళ్లుగా రోజూ వేసుకుంటున్న మాత్ర అది. మా ఇంటికొచ్చిన ప్రతిసారీ ఆ డబ్బా గిలక్కాయలా ఆడించి "ముసలమ్మవైపోయావే" అని వెక్కిరించింది నువ్వే.

ఇప్పుడు ఈ ఉత్తరం ఎందుకో విను. నిన్న ఆఫీసావిడ ఒక కాగితం తెచ్చి మంచం చివర పెట్టి వెళ్లింది. అక్క చదవలేదనీ ఆవిడకి తెలియదు, పట్టుకోలేదనీ గుర్తులేదు. నేను వచ్చాక చదివాను. అధ్యయనం వల్ల దెబ్బతిన్నవాళ్ల వైద్యం ఆసుపత్రిదే. కానీ సమాచారం దాచినవాళ్లకి ఆ నియమం వర్తించదు. కాబట్టి ఆగస్టు 31 తర్వాత ఈ మంచం ఖాళీ చెయ్యాలి. ఆధారం మీరచ్చేయించిన ఆ వృత్తాంతమే.

తిట్టు లేదు, పొగడ్త లేదన్నావు. చూశావా, ఏముందో?

ఇక్కడ ఫిజియోథెరపీ చేసే ఆవిడ ఒక రాక్షసి. అక్క చేత రోజూ గుండీలు ఏరిస్తుంది. పళ్లెంలో ఇరవై గుండీలు పోసి "రాణిగారూ, వడ్డించాను, కానివ్వండి" అంటుంది. అక్క బండబూతులు తిడుతుంది. మే నెలలో ఒక్కటి కూడా రాలేదు. నిన్న నాలుగు తీసింది. ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ కలుస్తున్నాయి మామయ్యా. కాళ్లు రావని తేల్చేశారు. చెయ్యి మాత్రం ఇంకో ఏడాది ఇలాగే చేయిస్తే చెంచా పట్టుకుంటుందట, ముక్కు గోక్కుంటుందట. వదిలేస్తే బిగుసుకుపోతుందట. ఆవిడ లేకుండా, ఈ కప్పీలూ తాళ్లూ లేకుండా, మా ఒక్క గదిలో నేనేం చెయ్యగలను? పొద్దంతా షాపులో ఉంటాను.

నువ్వు ఒక్క కాగితం రాస్తే చాలు. మాత్ర సంగతి నాకు ముందే తెలుసు, ఆమె దాచలేదు అని. అంతే.

—

ఇంటి నుంచి
జూలై 20

ఇది ఆఫీసు కాగితం మీద రాయడం లేదని గమనించు. చదివి చింపెయ్యి.

నాతో ఈ గొంతుతో మాట్లాడ్డం మంచిది కాదు. ఫోను సంగతి ఒప్పుకుంటాను. ఎవరో వచ్చి తిమ్మిరి అన్నారు, నీకు చెప్పాను. అది ఉపకారం. దానికి నన్ను హంతకుణ్ని చేస్తున్నావు.

ఒక్క కాగితం రాయమన్నావు. రాస్తాను. రాస్తే ఏమవుతుందో ముందు నువ్వు ఆలోచించావా? ఫైలు తీస్తారు. అక్క నమోదు పత్రం తీస్తారు. మూడో పేజీ, పదకొండో ప్రశ్న: "రక్తం పలచబరిచే మందులు వాడుతున్నారా?" పక్కన "లేదు" అని ఉంది. గుండ్రంగా, తీరుగా, అచ్చుగుద్దినట్టు. మీ అక్కకి సంతకం గీయడం తప్ప రాయడం రాదని అందరికీ తెలుసు. ఆ చేతిరాత ఎవరిదో పోల్చడానికి నిపుణులక్కర్లేదు. నువ్వు రాసిన రెండు ఉత్తరాలూ నా సొరుగులోనే ఉన్నాయి, పక్కన పెట్టి చూస్తే పసిపిల్లాడైనా చెప్తాడు.

నేను రాయమన్నానంటావు. ఎవరు విన్నారు?

ఇంకో మాట అడుగుతాను, నువ్వు నన్ను ఇన్ని అడిగావు కదా. అక్కకి చెప్పావా? పది నెలలుగా రోజూ సాయంత్రం వెళ్లి తలదువ్వి, మొహం తుడిచి, చెంచాతో నోట్లో పెడుతున్నావు. ఏ చేత్తో పెడుతున్నావో చెప్పావా? తెలిశాక ఆ నోరు తెరుస్తుందా? ఆమెకి ఈ లోకంలో మిగిలింది నువ్వొక్కతివే. అది కూడా లేకుండా చేస్తావా?

నేను నీ మంచికే చెప్తున్నాను. ఆగస్టు 31కి నేను వేరే దారి చూస్తాను. నువ్వు నోరు మూసుకుని ఉండు.

—

షాపు
జూలై 27

రాసింది నేనే.

మా గదిలో చాప మీద ఆరు పత్రాలు పరిచావు. మెడనొప్పి ఇంజెక్షను అధ్యయనానికి మెడ వంచి పనిచేసే ఆడవాళ్లు అరవై మంది కావాలి, యాభై నాలుగు దగ్గర ఆగిపోయింది, నెలాఖరుకి నిండకపోతే అధ్యయనం మూసేస్తారు, నా ఉద్యోగం పోతుంది అన్నావు. షాపులోవాళ్లకి రాయడం రాదు కాబట్టి అందరివీ నేనే నింపాను. ప్రశ్న పైకి చదివి, వాళ్లు చెప్పింది రాసి, పేజీ తిప్పి. ఎంత గర్వంగా రాశానో తలుచుకుంటే నా వేళ్లు విరిచేసుకోవాలనిపిస్తుంది. అక్క పత్రంలో పదకొండో ప్రశ్న దగ్గర ఆగి నీ వంక చూశాను. "అవునని రాస్తే కంప్యూటరు తోసేస్తుందే. లేదు అని రాయి. మాత్ర సంగతి నేను డాక్టరుకి నోటితో చెప్పి సూదికి ముందు ఆపిస్తాగా" అన్నావు. రాశాను. నువ్వు నా నెత్తి మీద చిన్నగా మొట్టి "మా పిచ్చుక ముక్కుతో పొడిచినట్టు రాస్తుంది" అన్నావు.

అక్కకి చెప్పలేదు. నువ్వు సరిగ్గా అక్కడే పొడిచావు. ఎక్కడ మెత్తగా ఉంటుందో చూసి సూది దించడం మీ విభాగంలో నీక్కూడా నేర్పారు కాబోలు.

ఇంక నాకు రాయకు.

—

పరిశోధన విభాగం, మూడో అంతస్తు
ఆగస్టు 8

నా బంగారు పిచ్చుకా,

రాయకన్నావు గానీ మామయ్యని కదా, ఊరుకోలేను. నీ ఉత్తరం చదివి మనసు తేలికైంది. తప్పు ఒప్పుకోవడానికి గుండె ఉండాలి. అది నీలో ఉంది. మనమిద్దరం ఒకే పడవలో ఉన్నామని నీకిప్పుడు తెలిసింది కాబట్టి అసలు విషయానికి వస్తాను.

దీనితో పాటు ఒక కాగితం పంపుతున్నాను. బంధువు వాంగ్మూలం అంటారు. మాత్ర అంత ముఖ్యమైనదని కుటుంబానికి తెలియదనీ, అందుకే ఎవరికీ చెప్పలేదనీ, ఎవరి మీదా ఫిర్యాదు లేదనీ ఉంటుంది. చివర సంతకం చెయ్యి. అది ఉంటే నేను పైవాళ్లతో మాట్లాడి మంచం ఇంకో రెండు వారాలు పొడిగిస్తాను. ఒక చక్రాల కుర్చీ కూడా చూశాను. పాతదే, ఒక చెయ్యి ఊడింది గానీ కట్టు కడితే సరిపోతుంది. మీ అక్కకి ఆ చేతితో ఎలాగూ పెద్దగా పని ఉండదు.

ఇంకో శుభవార్త. అధ్యయనం రెండో దశకి వెళ్తోంది. ఈసారి రెండు వందల మంది. ఆగస్టు 21 పొద్దున పదింటికి ఎథిక్స్ కమిటీ కూర్చుని అనుమతిస్తుంది. నన్ను ప్రధాన సమన్వయకర్తని చేస్తారట. అందుకే ఈ వాంగ్మూలం ఆలోగా ఫైలులో ఉండాలి. మీ షాపు నుంచి ఇంకో పదిమందిని కూడగట్టగలవా? కొత్త పత్రాలు పంపిస్తాను. నీ చేతిరాతైతే ఎక్కడా కొట్టివేతలుండవు, కమిటీ మెచ్చుకుంటుంది.

పాతది తవ్వుకుంటూ కూర్చోకు. నాకు మాత్రం గుర్తు రాదనుకున్నావా? ఆ రోజు అక్క బల్ల మీద బోర్లా పడుకుని, ఆ గుండ్రటి మెత్తలో మొహం పెట్టుకుని, భయంతో ఏదేదో వాగుతుంటే నేనే కదా వీపు నిమిరి ఊరుకోబెట్టాను. కన్నతండ్రి కూడా అంత చెయ్యడు.

సంతకం చేసి వెంటనే పంపు.

నీ మామయ్య

—

పునరావాస వార్డు, కిటికీ పక్క మంచం
ఆగస్టు 14

అక్కకి చెప్పేశాను.

నీ ఎనిమిదో తేదీ ఉత్తరం నాలుగు సార్లు చదివాను. పది మందికి పత్రాలు నింపమన్న దగ్గర చేతిలో మడత వదిలేసి లేచాను. ఆ సాయంత్రమే వచ్చి మంచం పక్కన నిలబడి అంతా చెప్పాను. పదకొండో ప్రశ్న, లేదు, నా చెయ్యి.

కళ్లు మూసుకుంది.

"తెలుసే" అంది. "నువ్వు ప్రశ్న పైకి చదివావు కదా. నీ పక్కనే ఉన్నాను. అదేంటి, నేను వేసుకుంటున్నాగా అందామనుకున్నా. అంత జోరుగా రాస్తున్నావు. చదువుకున్నదానివి, నీకు తెలుసులే అనుకుని ఊరుకున్నా."

"మరి పది నెలలుగా నన్నెందుకు ఒక్క మాట అనలేదే?"

"నీ అంతట నువ్వు చెప్తావేమోనని చూశాను."

నేను చెంచా తీసుకున్నాను. "వద్దు. ఆ ఆయాని పిలువు" అంది. మూడు రోజులు నా చేత్తో తినలేదు. ఆయా పెడుతుంటే నేను గుమ్మంలో నిలబడి చూశాను. నువ్వు చెప్పిందే జరిగింది మామయ్యా, ఆ నోరు తెరుచుకోలేదు. నీ కడుపు చల్లబడిందా?

నాలుగో రోజున నీ ఉత్తరాలన్నీ చదివి వినిపించమంది. వరసగా చదివాను. అక్కని ఎత్తుకుని తిరిగానన్న చోట నవ్వింది. ఏ చేత్తో పెడుతున్నావని నువ్వు నన్ను బెదిరించిన ఉత్తరం రెండు సార్లు చదివించుకుంది. వీపు నిమిరానన్న దగ్గర "ఆపు" అంది.

"వాడక్కడ ఉన్నాడని వాడే రాశాడా?"

"రాశాడు. మొదట మీటింగులో ఉన్నానన్నాడు."

"అయితే రాసుకో" అంది.

ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. కొట్టివేతలు లేవు, నీకిష్టం కదా. ఇంజెక్షను గదిలో బోర్లా పడుకోబెట్టి మెడ మీద చల్లటి మందు రాశారు. సూది గుచ్చబోతుంటే అక్క గట్టిగా అంది: "డాక్టరుగారూ, నేను రోజూ నెత్తురు పలచనయ్యే మాత్ర వేసుకుంటాను, పొద్దున కూడా వేసుకున్నాను, పరవాలేదా?" డాక్టరు చెయ్యి ఆగింది. "ఏం మాత్ర?" అన్నాడు. నువ్వు వెనక నుంచి "విటమిను మాత్ర సార్, మా అమ్మాయే, భయమెక్కువ, ఏదో ఒకటి వాగుతూనే ఉంటుంది, పత్రం చూశాను, లేదనే ఉంది" అన్నావు. ఆ గదిలో అందరూ నవ్వారట. అక్క కూడా నవ్విందట. ఆ తర్వాత సూది దిగింది.

నేను ఇన్నాళ్లూ తప్పంతా నా రాతదే అనుకుంటూ బతికాను. నా "లేదు" ఒక కాగితం మీద ఉంది. దాన్ని చెరిపే మాట ఆమె నోటి నుంచి వచ్చింది, సూదికీ మెడకీ మధ్య జానెడు దూరం ఉన్నప్పుడు. దాన్ని నువ్వు నవ్వులాటలో కొట్టేశావు. కొట్టేసి, పన్నెండున్నర నుంచి ఆరింటి దాకా, ఆమె వేళ్లు ఒక్కొక్కటీ పోతుంటే, కారణం తెలిసిన ఒకే ఒక్క మనిషివి ఆ భవనంలోనే తిరిగావు. నువ్వు ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. చెప్తే అరవై కాస్తా యాభై తొమ్మిది అయ్యేది.

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అక్కనడిగాను. "నాకంటే నాలుగేళ్లు పెద్ద. చిన్నప్పుడు అమ్మ కొడుతుంటే అడ్డం పడేవాడు. వాడి బతుకు నా నోటితో తీసేయడమెందుకు అనుకున్నా. నా చేతులు పోయినా ఊరుకున్నా. నీ చేతిని పట్టుకుని నిన్ను బెదిరించాడు చూడు, అది మాత్రం ఊరుకోను" అంది. అని, నోరు తెరిచింది. ఆయా లేదు అప్పుడు. నేనే పెట్టాను. నన్ను క్షమించిందనుకోకు. "సరిగ్గా పెట్టు, మీద పోస్తున్నావ్" అంది, అంతే.

ఎవరు విన్నారని అడిగావు కదా. ఆ రోజు మా చాప చుట్టూ ఇంకో అయిదుగురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు మామయ్యా, తమ పత్రాల వంతు కోసం. నీకు వాళ్లు యాభై ఆరూ, యాభై ఏడూ, యాభై ఎనిమిదీ. అంకెలకి చెవులుండవనుకున్నావు. నిన్న మధ్యాహ్నం షాపులో మడత బల్లల మధ్య నిలబడి అందరి ముందూ నా తప్పు చెప్పాను. అట్టలకి జిగురు పూసే పెద్దావిడ లేచొచ్చి నా చెంప పగలగొట్టింది. "నా పత్రంలో ఏం రాశావే?" అంది. మీరు చెప్పిందే రాశానని ఒట్టేశాను. ఆవిడ నా మొహంలోకి చూసి, "లేదు అని రాయి, నేను డాక్టరుకి చెప్తాలే అన్నాడు వాడు, నా రెండు చెవులతో విన్నాను. ఎక్కడ వెయ్యాలి సంతకం?" అంది. అయిదుగురూ పెట్టారు. రెండో దశకి మా షాపు నుంచి ఒక్క మెడ కూడా నీకు దొరకదు.

నువ్వు పంపిన వాంగ్మూలంలో సంతకం చెయ్యలేదు. దాన్నీ, నీ మూడు ఉత్తరాలనూ కమిటీకి పంపే కట్టలో పెట్టాను. చింపెయ్యమన్నదాన్ని కూడా. కట్టలో మొదటి కాగితం నాది. మొదటి వాక్యం ఇది: "పదకొండో ప్రశ్నకి లేదు అని రాసింది నేను, అది అబద్ధమని తెలిసే రాశాను." నన్నేం చేస్తారో చెయ్యనీ. మేస్త్రీ పనిలోంచి తీసేస్తే ఇంకో పని చూసుకుంటాను. పోలీసులు వస్తే వాళ్లకీ ఇదే చెప్తాను. నేను మునుగుతానని చూపించి నన్ను ఒడ్డున కట్టేద్దామనుకున్నావు. నేను దిగాను. నీళ్లు ఎంత లోతో చూసుకున్నాను. ఇప్పుడు నీ వంతు.

నీకొక్క అవకాశం ఇవ్వమంది అక్క. నేనైతే ఇవ్వను. ఆమె మాట కాబట్టి రాస్తున్నాను.

నువ్వు నీ చేత్తో, ఆఫీసు కాగితం మీద, కమిటీకి ఒక ఉత్తరం రాయాలి. లేదు అని రాయమన్నది నువ్వేనని ఉండాలి. బల్ల మీద ఆమె ఏమందో, దానికి నువ్వేమన్నావో ఉండాలి, విటమిను అన్న మాటతో సహా, అందరూ నవ్వారన్న మాటతో సహా. పన్నెండున్నర నుంచి ఆరింటి దాకా నువ్వు ఏ గదిలో కూర్చున్నావో ఉండాలి. రోగి ఏదీ దాచలేదు, ఆ వాక్యం తీసెయ్యండి అని జర్నలుకి రాసిన నకలు దానికి జతచెయ్యాలి. వెల్లడించలేదు, తెలియరాలేదు, జరిగింది, పడింది లాంటి మాటలు వద్దు. ఎవరు చేశారో ఆ మనిషితో మొదలవ్వాలి ప్రతి వాక్యం. నేను చేశాను, నేను అన్నాను, నేను ఊరుకున్నాను.

దాన్ని పోస్టులో పంపొద్దు. అక్కకి చదవడం రాదు, పట్టుకోవడం ఇప్పుడిప్పుడే వస్తోంది. నువ్వే ఇక్కడికి వచ్చి, కుర్చీ లాక్కుని, ఆమె మొహం చూస్తూ పైకి చదవాలి. ఆమె సరే అంటేనే కవరు మూయాలి.

ఆగస్టు 19, మంగళవారం, సాయంత్రం అయిదు. సందర్శకుల వేళ ఆరింటి దాకా ఉంటుంది, ఆ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. నువ్వొచ్చినా రాకపోయినా 20న పొద్దున నేను ఆ కట్ట పట్టుకుని మీ ఆసుపత్రి కమిటీ ఆఫీసు గుమ్మం ముందుంటాను. నీ ఉత్తరం అందులో ఉందా, లేదా అన్నది మాత్రమే నువ్వు తేల్చగలిగింది. జవాబు నాకు రాయకు. వచ్చి ఆమెకి చెప్పు.